ముడుపులో అద్దం రూపాయి

గుడియాత్తం నేతవీధిలో తిరువేంగడం ఇంటికి వెళ్ళినవాళ్ళు తప్పించుకోలేని పని ఒకటుండేది. ఆయన కాసుల పట్టె చూడాలి. నీళ్ళు తాగి లేస్తామంటే లేవనిచ్చేవాడు కాదు. పట్టె అంటే పెద్ద వస్తువేమీ కాదు. తానే నేసిన మెత్తని నూలుగుడ్డకు వరసగా చిన్న చిన్న అరలు కుట్టించి, ఒక్కొక్క అరలో ఒక్కొక్క కాసు పెట్టి, చాపలాగ చుట్టి పెట్టుకొన్నది. దాన్ని మోకాళ్ళ మీద పరిచి, ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకొంటూ పోతే పొద్దు ఎటు పోయిందో తెలిసేది కాదు. నట్టనడుమ ఒక అర మాత్రం ఖాళీగా ఉండేది. "ఇందులో ఏముండాదప్పా?" అని ఎవరైనా వేలు పెట్టి అడిగితే, "ఉండాది" అనేవాడు. కంటికి కనబడనిదాన్ని ఉండాదంటాడేమిటి ఈ మనిషి అని వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకొనేవాళ్ళు. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఖాళీ అర సంగతే.

పాత కాసులు కూడబెట్టేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. పొలం దున్నుతుంటే బయటపడిన రాగిబిళ్ళలు, నవాబుల కాలపు మొహరీలు, ఎవరి పిచ్చి వాళ్ళకు ఆనందం. తిరువేంగడానికి వాటి మీద మనసు పోలేదు. ఆయనకు కావలసినవి తన కాలపు కాసులే. అయితే అవి అంగట్లో చెల్లేవి కాకూడదు. జనం చేతికి రాకముందు టంకసాలలో అచ్చు సరిపోయిందో లేదో చూసుకోవడానికి కొట్టినవి కావాలి, లేదంటే దొరలకూ జమీందార్లకూ కానుకగా ఇవ్వడానికి విడిగా మెరుగుపెట్టి కొట్టినవి కావాలి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని బతికే మనిషికి ఈ పిచ్చి ఎక్కడిదంటారా? ఆ మగ్గం గుంటలోనుంచే వచ్చింది.

గుడియాత్తం గళ్ళ లుంగీలు ఆ రోజుల్లో ఓడలెక్కి రంగూను దాకా పోయేవి. ఏ రంగు పక్కన ఏ రంగు, గడి ఎంత వెడల్పు అని వర్తకుడికి చూపడానికి ముందుగా ఒక ముక్క నేసి పంపాలి. దాన్ని మచ్చు అంటారు. మచ్చు నచ్చితే తానులు తానులు నేస్తారు. నచ్చకపోతే ఆ ముక్క ఇంట్లో మూల పడుతుంది, లేదా పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. తిరువేంగడం ఇంట్లో మాత్రం మచ్చుగుడ్డ మసిగుడ్డ అయ్యేది కాదు. అందరికంటే ముందు పుట్టి, తప్పులన్నీ తన నెత్తిన వేసుకొని, పక్కకు తప్పుకొనే ముక్కను చూస్తే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. అన్నీ మడిచి దాచేవాడు. ఇల్లంతా గుడ్డపీలికలని భార్య రాజాంబాళ్ గొణిగేది, ఆయన చెవిన వేసుకొనేవాడు కాదు.

లుంగీల మూట తీసుకొని వేలూరు లాంగు బజారుకు పోయినప్పుడల్లా ఆయన నాగలింగాచారి అంగడి అరుగు మీద కాసేపు కూర్చునేవాడు. ఆచారి కంసాలి, చిన్ననాటి స్నేహితుడు. ఒకనాడు కొలిమి పక్కన రూపాయంత రాగిబిళ్ళ ఒకటి కనబడింది. తీసి చూస్తే విక్టోరియా రాణి బొమ్మ, అక్షరాలు, అన్నీ రూపాయివే.

"ఏమప్పా ఆచారీ, రాగిలో రూపాయి కొట్టినావా? జైలుకు పోతావప్పా."

"నేనెందుకు కొడతా? మా పెదనాయన ఉత్తరాదిన టంకసాలలో అచ్చులు నూరే పనిలో ఉండె. పని మానుకొని వచ్చేటప్పుడు దొర మెచ్చుకొని చేతిలో పెట్టినాడంట. కొత్త అచ్చు చేసినాక ముందే వెండిలో కొట్టరప్పా. రాగిలో ఒకటి కొట్టి చూస్తారు, రాణి ముక్కు సరిగా లేచిందా, అక్షరాలు తిన్నగా కూర్చున్నాయా అని. మచ్చు అనుకో."

"మచ్చా!" అన్నాడు తిరువేంగడం. ఎవరో పోయిన చుట్టం పేరు చెప్పినట్టు లేచి నిలబడ్డాడు. లోకం మొత్తంలో మచ్చు అనేది తన కులవృత్తిలోనే ఉందని ఇన్నాళ్ళూ అనుకొన్నాడు పిచ్చివాడు. మగ్గంలో పడుగుపోగులు దూరే దువ్వెనను నేతవాళ్ళు అచ్చు అంటారు. కాసు కొట్టే దిమ్మా అచ్చే. "మీకూ అచ్చే, మాకూ అచ్చే. మీకూ మచ్చే, మాకూ మచ్చే," అని అరుగు మీద అటూ ఇటూ తిరిగాడు. చివరకు మూటలోనుంచి ఒక మచ్చు లుంగీ తీసి ఆచారికి ఇచ్చి, ఆ రాగి రూపాయి తీసుకొన్నాడు. మచ్చుకు మచ్చు. ఆ రోజు మొదలైంది.

తరువాత ఆచారి కన్ను కూడా అటే పడింది. ఎవరింటి నుంచో వెనుకవైపు ఏమీ లేకుండా ఒక్క ముఖమే కొట్టిన నికెలు అణా వచ్చింది. సీసంలో తీసిన అచ్చు ముద్ర ఒకటి వచ్చింది. ఇంకా ఒకటీ అరా చేరాయి. ఇంట్లో వాటికి దేవుడి పెట్టెలో చోటు దొరికింది.

రాజాంబాళ్ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఆమె మాట నెమ్మది, చెయ్యి చురుకు. ఎడమచేతి వాటం. పడుగులో తెగిన పోగు ఆమె అతికితే ముడి ఎదురు తిరిగి పడేది. వీధిలో ఎవరైనా ఆ ముడి చూసి ఇది రాజాంబాళ్ ముడి అని చెప్పేసేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆమెను ఆటపట్టించడానికి తిరువేంగడం ఆ ఎదురుముడిని పట్టుబట్టి నేర్చుకొన్నాడు. ఎంత బాగా నేర్చుకొన్నాడంటే, ఇది నేను వేసిందా నువ్వు వేసిందా అని ఆమే తికమకపడేది. అప్పుడు ఇద్దరూ నవ్వుకొనేవాళ్ళు.

ఆ చురుకైన చెయ్యే ఒకసారి కొంప ముంచింది. ఆయుధపూజ నాడు చెంబులూ దీపాలూ తోముతూ, పాపం, నల్లగా ఉందే అని రాగి రూపాయిని కూడా చింతపండు వేసి తళతళలాడేట్టు తోమిపెట్టింది. తిరువేంగడం చూసి కూలబడిపోయాడు. "రాణి ముక్కు పోయె! టంకసాలవాళ్ళు దిద్దిన ముక్కు నువ్వు తోమేసినావు కదే!" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. రాజాంబాళ్ బిక్కచచ్చిపోయి, కాసు ముఖం మీద వేలు పెట్టకూడదని, అంచులు పట్టుకోవాలని, తడి తగలకూడదని, పొడిగా ఉన్న పాతగుడ్డలోనే చుట్టాలని ఆయన నేర్పిందంతా నేర్చుకొంది. ఆ తరువాత ఏ కాసూ ఆమె చేతిలో పాడుకాలేదు.

అద్దం రూపాయి ఆ తరువాత వచ్చింది. అప్పటి రూపాయి మీద ఎడ్వర్డు రాజుకు కిరీటం ఉండేది కాదు, ఉత్త తలే. అదీ ముందువైపు జుట్టు పలచబడిన తల. నేతవీధిలో దాన్ని బోడిరాజు రూపాయి అనేవాళ్ళు. కనియంబాడి వైపు చితికిపోయిన ఒక పాలెగాళ్ళ ఇంటివాళ్ళు అలాంటి రూపాయి ఒకటి తెచ్చి, పిల్లవాడి మెడలో వేయాలి, కొక్కెం అతికి ఇమ్మని నాగలింగాచారికి ఇచ్చారు. ఆచారి దాన్ని వెలుతురులో తిప్పి చూసి కొలిమి ఆర్పేశాడు. బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంది, చుట్టూ ఉన్న చోటు అద్దంలా ఉంది. ఏ దొరో వాళ్ళ ఇంటి పెద్దకు కానుకగా ఇచ్చిన రూపాయి. "సామీ, ఇది అంగట్లో ఇచ్చి పుచ్చుకొనే రూపాయి కాదు. దీనికి టంకం పెడితే పాడైపోతాది," అని చెప్పాడు. "మాకు ఏ రూపాయైనా ఒకటేనయ్యా, రాజు బొమ్మ ఉంటే చాలు," అన్నారు వాళ్ళు. సరేనని ఆచారి మామూలు రూపాయికి కొక్కెం అతికి, పైన ఒక వెండి గొలుసు చేర్చి ఇచ్చి, దీన్ని తిరువేంగడం కోసం దాచాడు. దాని కోసం తిరువేంగడం ఏమిచ్చాడో ఇంట్లో చెప్పలేదు. ఆ ఏడు దీపావళికి మొగుడు కొత్తగుడ్డ కట్టకపోవడం చూసి రాజాంబాళే ఊహించుకొంది.

ఇక ఆయన గొప్పలకు పట్టపగ్గాలు లేవు. వచ్చినవాళ్ళకు పట్టె పరిచి, నడిమి అరలోనుంచి అద్దం రూపాయిని అంచులు పట్టి తీసి, "చూడప్పా, నీ మొగం కనిపిస్తా ఉండాదా? ఇది సంత మొగం చూడలేదు. ఇంతవరకూ ఏ చెయ్యీ దీన్ని ఇచ్చి పుచ్చుకోలేదు. ఏ రూపాయైనా రూపాయే అనుకొంటారు మనోళ్ళు. కాదప్పా, ఇది మడిగా ఉండాది," అనేవాడు. పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుకొంటూ రాజాంబాళ్ ఈ మాటలు వినేది. ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు.

వేలూరు కోట కందకం ఎదుటి వీధిలో గోవిందస్వామి నాయుడు అని ఖజానాలో పనిచేసి విరమించిన పెద్దమనిషి ఉండేవాడు. ఆయనకూ ఇదే పిచ్చి. ఆచారి నోటి ద్వారా విని, అద్దం రూపాయిని అంచులు పట్టుకొని తిప్పి తిప్పి చూశాడు. తరువాత నిజాయితీగా, "తిరువేంగడం, ఇది నీ కాడ ఉండటం నాకు కడుపుమంటగానే ఉండాదయ్యా," అని నవ్వాడు. అప్పటినుంచి ఇద్దరికీ కుదిరింది. పందొమ్మిది వందల పదకొండులో కొత్త రాజుకు పట్టాభిషేకమని ఊళ్ళన్నీ హడావిడి పడుతున్నప్పుడు, చెన్నపట్నంలో కొందరు పెద్దమనుషులు చేరి తమ కాసులతో ఒక చిన్న ప్రదర్శన పెట్టుకొంటున్నారని నాయుడు చెప్పాడు.

"నీ అద్దం రూపాయిని పచ్చగుడ్డ మీద పెట్టి, కింద నీ పేరు అచ్చువేసి పెడతారు. గుడియాత్తం తిరువేంగడం అని. వైకాశి నెల రాకముందే నేనే వచ్చి పట్టుకపోతా, నేనే తెచ్చి ఇస్తా. సరేనా?"

ఆ మాట విన్న తిరువేంగడం రైలెక్కి గుడియాత్తం చేరేదాకా ఒక చోట కూర్చోలేదు. ఆయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాతా రాదు, చదువూ రాదు. ఆ అట్టముక్క మీద ఉన్నది తన పేరే అని ఇంకొకరు చెబితేగాని తెలియదు. అయినా దానికోసం ప్రాణం కొట్టుకుపోయింది. తాను నేసిన లుంగీలు సముద్రాలు దాటాయి, ఒక్కదాని మీదా తన పేరు లేదు. ఈ ఒక్క చోట ఉంటుంది.

పంగుని నెల ఎండల్లో ఆయన వేలూరులో సరుకు దించడానికి పోయి, వర్తకుడు ఊళ్ళో లేక అక్కడే చిక్కుబడిపోయాడు. తిరిగి వచ్చేసరికి వాకిట్లో వేపమండలు కట్టి ఉన్నాయి. కూతురు అమ్మణికి అమ్మవారు పోసింది. ఆ పిల్లకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి, ఇద్దరూ ఇదే అమ్మవారితో పోయారు. మిగిలింది ఈ ఒక్కతే. వేపమండలు చూసి తిరువేంగడం గడప దాటలేక గోడ పట్టుకొని నిలబడిపోయాడు. పక్కింటి పొన్నమ్మే, "బయపడొద్దప్పా, నిన్న సాయంత్రం మరీ గడ్డుగా ఉండె, ఇప్పుడు కన్ను తెరిచింది," అని లోపలికి తీసుకుపోయింది.

అమ్మవారు ఉన్న ఇంట్లో మగ్గం ఆడించరు, తాళింపు వేయరు. తిరువేంగడం వేపాకు పట్టుకొని బిడ్డ పక్కన కూర్చున్నాడు. కాసుల ఊసే రాలేదు. అమ్మవారు దిగి, పిల్లకు తలకు మూడు నీళ్ళూ పోశాక, అమ్మణి లేచి కూర్చుని మజ్జిగన్నం కావాలని మారాం చేసిన రోజున ఆయన పిల్లతోపాటు తానూ ఏడ్చి, తరువాత సిగ్గుపడి నవ్వాడు.

"అమ్మకు ముడుపు కట్టినావా?" అని రాజాంబాళ్‌ను అడిగాడు.

"కట్టినా. వైకాశిలో గంగమ్మ శిరసు పండగ నాడు చెల్లిస్తామని మొక్కుకొన్నా. అయ్యా, నువ్వు కోపం చేసుకోకూడదు."

"ముడుపు కడితే కోపమెందుకే?"

"అద్దం రూపాయి కట్టినా."

తిరువేంగడం ముందు అర్థంకాక తలూపాడు. తరువాత లేచి దేవుడి గూటి వైపు చూశాడు. మేకుకు పసుపుగుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. పసుపునీళ్ళలో ముంచి కట్టిన గుడ్డ. తడి. వెండి అద్దం మీద పసుపుతడి.

"పెట్టెలో వేరే రూపాయి లేకపోయిందా? ఏ రూపాయైనా రూపాయే కదే!"

"ఏ రూపాయైనా రూపాయి కాదని వచ్చినోళ్ళందరికీ నువ్వే కదా చెప్పింది," అంది రాజాంబాళ్. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "పెద్దోడికి కట్టింది యాడిదో తెలుసునా? కల్లంగడిలో మార్చిన రూపాయి. చిన్నోడికి కట్టింది సంతలో మిరపకాయల ముత్తమ్మ కాడ తీసుకొన్నది. ఎందరి చేతులు పడిందో, ఎవురి ఏడుపు తగిలిందో. ఇద్దరినీ అమ్మ తీసుకొనె. ఈసారి ఎవురి చెయ్యీ పడని కాసు కట్టల్లనుకొన్నా. ఇంట్లో అట్లాంటిది ఒకటే ఉండె."

ఇది మడిగా ఉండాది అని వాడవాడలా చాటింపు వేసినవాడు తనే. ఆమెను తప్పు పట్టడానికి ఒక్క పోగు దొరకలేదు. అలాగని మనసు ఊరుకొందా, అదీ లేదు. గంగమ్మ శిరసు వైకాశి మొదటి నాడు. అంతకుముందే నాయుడు వస్తాడు.

కాలుగాలిన పిల్లిలాగ వేలూరు పోయి ఆచారి దగ్గర గోడు వెళ్ళబోసుకొన్నాడు.

ఆచారి తేలిగ్గా తీసుకొన్నాడు. "అమ్మ చూసేది మనసును కదప్పా, రూపాయి మీద మెరుగును చూస్తాదా? ఇదో, అదే బోడిరాజు రూపాయి, మెరుగు పెట్టి ఇస్తా. ముడుపు విప్పి అది తీసి, ఇది పెట్టి కట్టెయ్. పాలెగాళ్ళింటి రూపాయి నేను మార్చలేదా? వాళ్ళకేమి నష్టమొచ్చె?"

"వాళ్ళకు చెప్పి మార్చినావు కదా ఆచారీ."

"నువ్వూ చెప్పి మార్చు."

"చెప్తే ఒప్పుకోదు."

"అయితే చెప్పొద్దు."

ఇంత సులువైన దారి ఇంకోటి ఉంటుందా! తిరువేంగడం ఆ మెరుగుపెట్టిన రూపాయిని రొంటిన దోపుకొని ఊరికి వచ్చాడు. రాజాంబాళ్ ముడి తనకు కొట్టినపిండి. ఆమె వేసినట్టే ఎదురుముడి వేసేస్తే కన్నతల్లి కూడా కనిపెట్టలేదు.

ఒకనాడు మధ్యాహ్నం రాజాంబాళ్ పిల్లను చంకనెత్తుకొని గుడ్డలు ఉతకడానికి కౌండిన్య ఏటికి పోయింది. తిరువేంగడం కాళ్ళు కడుక్కొని, దేవుడి గూటిముందు కూర్చుని, మేకునుంచి మూట దించాడు. పొన్నమ్మ వాకిట్లో చెరుగుతున్న చేట చప్పుడు వినబడుతోంది. దొంగతనం చేస్తున్నవాడికి మల్లే చెవులు నిక్కించుకొని, కండె ముల్లుతో ముడి వదులు చేశాడు. పసుపుగుడ్డ విడిపోయింది.

లోపల రూపాయి లేదు. ఇంకొక గుడ్డ ఉంది. పొడిగా, పాతగా, ఉతికి ఉతికి మెత్తబడిన గళ్ళగుడ్డ, ఎరుపూ నలుపూ. చూడగానే పోల్చుకొన్నాడు. రంగూను వర్తకుడు వద్దన్న మచ్చు అది. పెద్దవాడు పుట్టినప్పుడు తానే కత్తిరించి ఉయ్యాలలో పరిచాడు. చిన్నవాడూ దాని మీదనే పడుకొన్నాడు. ఇన్నేళ్ళు అది ఇంట్లో ఉందని ఆయనకు తెలియదు. రాజాంబాళ్ ఎక్కడ దాచుకొందో. ఆ సాయంత్రం, పక్కన బిడ్డ ఒళ్ళు కాలిపోతూ మూలుగుతుంటే, ఆమె దాన్ని వెతికి తీసి, ఒక ముక్క చించి, రూపాయిని అంచులు పట్టుకొని అందులో చుట్టి, పసుపుతడి తగలకుండా మడతమీద మడత వేసింది. అమ్మవారికి ఇచ్చేసేదాన్ని కూడా మొగుడు నేర్పినట్టే పట్టుకొంది.

మడతలు విప్పాడు. అద్దం రూపాయి చెక్కుచెదరలేదు. ఒక్క మచ్చ లేదు. అందులో తన ముఖం కనబడింది. మరో చేతిలో ఆచారి ఇచ్చిన రూపాయి ఉంది.

తిరువేంగడానికి తన మీద తనకే అసహ్యం వేసింది. చచ్చిన పిల్లల పక్కగుడ్డలో చుట్టి, బతికిన పిల్లకోసం కట్టినదాన్ని, అట్టముక్క మీద ఒక పేరు కోసం మార్చడానికి కూర్చున్నాడు! రూపాయిని మళ్ళీ గళ్ళగుడ్డలో పెట్టి, పసుపుగుడ్డలో చుట్టి, చేతికి ఎలా వస్తే అలా ముడివేసి మేకుకు తగిలించాడు. తరువాత వెళ్ళి మగ్గంలో కూర్చున్నాడు. రాజాంబాళ్ వచ్చేసరికి పేకపోగు నేస్తూ ఉన్నాడు.

శిరసుకు ఇంకా కొద్ది రోజులుందనగా నాయుడు జట్కా దిగాడు. తిరువేంగడం ఆయనకు పీట వేసి, మజ్జిగ ఇచ్చి, జరిగినదంతా చెప్పి, మూట వైపు చూపించాడు. ముడి విప్పిన సంగతి మాత్రం చెప్పలేకపోయాడు.

నాయుడి ముఖం చిన్నబోయింది. "దీనికెందుకయ్యా అంత బాధ? శిరసు అయినాక గుడి పెద్దలతో నేను మాట్లాడతా. దానికి పదింతలు హుండీలో వేసి విడిపించుకొందాం. అమ్మకూ మంచిదే, మనకూ మంచిదే."

"అట్ల చేస్తే సంతకు పోయినట్టే కదా నాయుడుగారూ. సంత చూడలేదనే కదా అది కట్టింది."

నాయుడు గూటివైపు చూశాడు. "నీ మిగతా కాసుల్లాంటివి చెన్నపట్నంలో చాలామంది కాడ ఉండాయి. ఆ ఒక్కటీ లేకుంటే నీ పేరు..." అని ఆపేశాడు.

"తెలుసు నాయుడుగారూ," అన్నాడు తిరువేంగడం.

వీధి చివర జట్కా మలుపు తిరిగేదాకా ఆయన వాకిట్లో నిలబడ్డాడు. బాధ లేదని చెబితే అబద్ధం. చాలా బాధపడ్డాడు. చదవలేని ఆ పేరును ఆయన అప్పటికే ఎన్నోసార్లు కళ్ళ ముందు చూసుకొన్నాడు.

వైకాశి మొదటి నాడు గుడియాత్తంలో ఇసుక వేస్తే రాలని జనం. అమ్మవారి శిరసును వీధులన్నీ ఊరేగించి గుడికి తెచ్చి, మొండేనికి చేర్చారు. దారి పొడవునా కొబ్బరికాయల చప్పుడుతో చెవులు గళ్ళు పడ్డాయి. తిరువేంగడం అమ్మణిని భుజం మీద కూర్చోబెట్టుకొన్నాడు. పిల్ల ముఖం మీద మచ్చలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, కళ్ళు మాత్రం బొమ్మలంగడి మీద ఉన్నాయి. రాజాంబాళ్ ముడుపును కొంగులో పట్టుకొని ముందు నడిచింది. తోసుకొంటూ తోసుకొంటూ హుండీ దాకా చేరారు.

రాజాంబాళ్ మూటను అరచేతిలో పెట్టుకొని, కళ్ళు మూసి మొక్కింది. కళ్ళు తెరిచి, మొగుడి వైపు తిరగకుండానే, "ముడి నీది," అంది.

ఆ రోజు చేతికి ఎలా వస్తే అలా వేసిన ముడి తిరువేంగడం కళ్ళ ముందు నిలిచింది. ఎదురుముడి వేయాలన్న ఆలోచనే ఆ పూట రాలేదు.

"ఎప్పుడు చూసినావే?"

"ఏటినుంచి వచ్చినాను చూడు, ఆ పొద్దే."

"మరి అడగలేదే?"

"ఏమడగల్ల?"

"రాజాంబా, విప్పు. ఇప్పుడే విప్పి చూసుకో. మార్చల్లనే కూర్చున్నా, నిజమే. ఆచారి కాడ రూపాయి కూడా తెచ్చినా. పిల్లోళ్ళ గుడ్డ చూసినాక చెయ్యి రాలేదు. లోపల అదే ఉండాది. గంగమ్మ మీద ఒట్టు..."

"ఒట్టెందుకయ్యా," అంది రాజాంబాళ్. "మార్చినోడివైతే నా ముడే వేసి ఉందువు. నీకు రాని ముడా అది?"

వెనుకనుంచి జనం తోస్తున్నారు. ఆమె ముడుపును హుండీలో వేయలేదు. మొగుడి చెయ్యి పట్టి లాగి, అరచేతిలో పెట్టింది.

"నీ ముడి కదా. నువ్వే వెయ్యి."

తిరువేంగడం వేశాడు.